బ్యాక్టీరియా విషాన్ని విరుస్తుంది, కానీ సగంలో ఆగితే?

ఇబ్రహీంపట్నం డివిజన్, యాచారం మండలంలోని మేడిపల్లి, కుర్మిద్ద, తాటిపర్తి, నానక్‌నగర్ రైతులు ఫార్మా సిటీ భూసేకరణపై ఏళ్లుగా పోరాడుతున్నారు. సేకరణలోకి వెళ్లిన భూముల్లో దళితుల అసైన్డ్ భూములూ ఉన్నాయి. భూమి ప్రశ్న వెనకే నీటి ప్రశ్న ఉంది. పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల చెరువులు, బావులు పరిశ్రమల వ్యర్థాలతో పాడయ్యాయి. ఆ కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. "కాలుష్యాన్ని బ్యాక్టీరియాతో శుభ్రం చేస్తాం" అని రేపు ఎవరైనా అంటే ఏం అడగాలి? ముందు ఆ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి.

మందుల తయారీలో డైక్లోరోమీథేన్, క్లోరోఫాం వంటి క్లోరిన్ ద్రావకాలు వాడతారు. లోహపు భాగాలకు అంటిన గ్రీజు వదిలించడానికి ట్రైక్లోరోఇథిలీన్ వాడతారు. ఇవి నీటికన్నా బరువు. నేలలోకి ఇంకితే భూగర్భజలం అడుగుకు దిగి, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నీటిలో కలుస్తుంటాయి.

బ్యాక్టీరియా వీటిని రెండు దారుల్లో విరుస్తుంది. గాలి తగిలే చోట కొన్ని బ్యాక్టీరియాలు డైక్లోరోమీథేన్‌నే ఆహారంగా తీసుకుంటాయి. వాటి ఎంజైమ్ క్లోరిన్‌ను ఊడదీస్తుంది, మిగిలిన కార్బన్‌తో అవి బతుకుతాయి. గాలి అందని లోతుల్లో దారి వేరు. మనం ఆక్సిజన్‌ను పీల్చినట్టు, డీహాలోకొక్కాయిడిస్ అనే బ్యాక్టీరియా క్లోరిన్ ద్రావకాన్ని 'పీలుస్తుంది'. హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని ద్రావకానికి ఇస్తుంది, ఒక్కో క్లోరిన్ ఊడిపోతుంది. నాలుగు క్లోరిన్ల టెట్రాక్లోరోఇథిలీన్‌ను హాని లేని ఇథిలీన్ దాకా తీసుకెళ్లే ఈ జీవిని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మురుగునీటి శుద్ధి కేంద్రం బురదలో కనుగొని 1997లో ప్రకటించారు.

చిక్కు మధ్యలో ఉంది. చివరి మెట్టుకు ముందు వచ్చేది వినైల్ క్లోరైడ్. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైంది. సరైన రకం బ్యాక్టీరియా లేకపోయినా, హైడ్రోజన్ అందకపోయినా పని అక్కడే ఆగిపోవచ్చు. అప్పుడు "ట్రైక్లోరోఇథిలీన్ తగ్గింది" అనే నివేదిక నిజమే అవుతుంది, నీళ్లు మాత్రం మరింత ప్రమాదకరమవుతాయి.

అందుకే నీటి పరీక్ష నివేదిక చేతికొస్తే మూడు ప్రశ్నలు వేయండి. వినైల్ క్లోరైడ్‌ను కొలిచారా? ఇథిలీన్ కనిపించిందా? ఒక్కసారే కొలిచారా, ఏళ్ల పాటు కొలుస్తారా?

ముందుజాగ్రత్త, కలుషితం చేసినవారే ఖర్చు భరించాలన్న సూత్రాలు మన చట్టంలో భాగమేనని వెల్లూరు తోళ్ల శుద్ధి కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాక్టీరియా చేసే సాయం ఆ బాధ్యతను రద్దు చేయదు. విషం నేలలోకి దిగకుండా ఆపడమే మొదటి శుద్ధి. ఎందుకంటే దిగాక ఆ బోరు నీళ్లే తాగాల్సి వచ్చేది ఊరి చివరి వాడకే.