నలభై ఆరేండ్లకు సారథి పరీక్ష

నేను ఎస్.ఎస్.ఎల్.సి. దాకా చదివి, చింతామణిలో గుమాస్తాగిరీ చేసికొనేవాణ్ణి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. రెండు భాషల్లోనూ అర్జీలు రాయగలను గాని, మొన్నమొన్నటి దాకా కారు స్టీరింగు ముట్టి ఎరుగను. నలభై ఆరేండ్లు వచ్చాక ఆ విద్య ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో, ఎట్లా నేర్చుకొన్నానో చెబితే నా వయసు వారికి కొంత పనికివస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా అమ్మ బాగేపల్లికి అవతల, ఆంధ్ర సరిహద్దు దగ్గర పల్లెలో ఉంటుంది. రెండేండ్ల కిందట శ్రావణమాసంలో పండుగకని అందరం ఊరికి పోయాం. అర్ధరాత్రి దాటాక అమ్మకు ఊపిరి అందలేదు. అంబులెన్సుకు ఫోను చేస్తే, అది మరొక రోగిని ఎక్కించుకొని దూరం పోయి ఉందని తెలిసింది. మా తమ్ముడి కారు వాకిట్లోనే ఉంది. తాళంచెవి గూట్లో ఉంది. తమ్ముడు మాత్రం బెంగుళూరులో ఉన్నాడు. పక్క పల్లెనుంచి ఒక కుర్రవాణ్ణి లేపి పిలుచుకొని వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. దైవకృప వల్ల అమ్మ దక్కింది. కాని ఆ రెండు గంటలూ తాళంచెవి చేత పట్టుకొని వాకిట్లో తిరిగిన నా అవస్థ పగవాడికి కూడా వద్దు. ఇంట బండి ఉండీ నడిపే చేయి లేకపోతే, అది ఎండిన బావి మీది కొత్త గిలక వంటిదే గదా!

తిరిగి చింతామణికి రాగానే నిశ్చయం చేసికొన్నాను. నా కూతురికి పందొమ్మిదేండ్లు. "నాయనా, నేనూ నేర్చుకొంటాను" అన్నది. ఇద్దరం కలిసే దరఖాస్తు పెట్టాం. ఇప్పుడు దరఖాస్తు పని చాలావరకు 'సారథి' అనే ప్రభుత్వపు కంప్యూటరు ఏర్పాటు ద్వారానే జరుగుతుంది. పేరు బాగుంది, అర్జునుడి రథం తోలిన ఆయన గుర్తుకు వస్తాడు. పద్దెనిమిది నిండితే కారు లైసెన్సుకు అర్హత ఉంటుంది. నలభై దాటినవారు డాక్టరు సర్టిఫికెట్టు కూడా జతచేయాలి. పట్టపగటి వెలుతురులో 25 మీటర్ల దూరాన ఉన్న కారు నంబరు పలకను కంటితో చదవగలగడం అందులో ఒక నిబంధన. నాకు కళ్లద్దాలు ఉన్నాయి. అద్దాలతో చదివినా అభ్యంతరం లేదని తెలిసి ఊపిరి పీల్చుకొన్నాను.

రోడ్డు గుర్తుల మీద ప్రశ్నలకు జవాబులు చెప్పి నెగ్గితే మొదట నేర్చుకొనేవారి లైసెన్సు ఇస్తారు. అది ఆరు నెలలు చెల్లుతుంది. తీసికొన్న 30 రోజులకు గాని అసలు పరీక్షకు పోరాదు. ఆ నెలా తెల్లటి పలక మీద ఎర్రటి 'ఎల్' అక్షరం బండికి ముందూ వెనుకా తగిలించాలి. పక్కన లైసెన్సు గల మనిషి, అవసరమైతే బండిని ఆపగల చోటున, కూర్చుని తీరాలి. దీనిని చాలామంది ఉత్త తంతు అనుకొంటారు. అది తంతు కాదని నాకు మూడో రోజునే, అడ్డం వచ్చిన మేకను చూసినప్పుడు తెలిసింది.

మా గురువు పక్క వీధిలో ఉండే లారీ డ్రైవరు. దావణగెరె వైపు మనిషి, తెలుగు రాదు. మొదటిరోజు నాలుగు రోడ్ల కూడలి దగ్గర నేను తొందరలో "కుడి? కుడి?" అని అడిగాను. కన్నడంలో 'కుడి' అంటే తాగు అని గదా అర్థం. ఆయన గంభీరంగా, "గాడి ఓడిసువాగ కుడియబారదు, స్వామి" అన్నాడు. వెనుక సీట్లో మా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నాటినుంచి 'ఎడ', 'బల' అనే నేర్చుకొన్నాను. ముప్పై ఏండ్లుగా కన్నడంలో ఫైళ్లు రాసి కూడా, భయం వేస్తే నోట వచ్చేది తల్లిభాషే!

కారులో కష్టమంతా ఎడమ కాలి కింద ఉంది. క్లచ్చి పూర్తిగా తొక్కితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. ఒక్కసారిగా వదిలితే బండి ఎగిరి, ఇంజను ఆగిపోతుంది. ఈ రెంటికీ నడుమ ఒక చోటు ఉంది. డ్రైవర్లు దానిని హాఫ్ క్లచ్చి అంటారు. అక్కడికి కాలు రాగానే ఇంజను మోత కొంచెం తగ్గుతుంది, బండి ముందుభాగం ఊపిరి తీసికొన్నట్లు లేస్తుంది. ఆ చోటును కాలు గుర్తుపట్టడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. మా అమ్మాయికి మూడు రోజులు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో పరీక్షలో ఏమేమి చూడాలో వరుసగా రాసి ఉంది. బయలుదేరే ముందు అద్దం సరిచేసికోవడం, నిటారుగాను, మలుపులోను, మిట్టమీదా, పల్లంలోనూ నడపడం, సైగలు చూపడం, వెనక్కు నడిపి ఇరుకు సందులోకి చేర్చడం. వీటన్నిటిలోకి నా గుండె దడ పెంచింది ఒకటుంది: ఎత్తు రోడ్డు మీద ఆపిన బండిని వెనక్కు జారనీయకుండా మళ్లీ కదిలించడం.

పరీక్షరోజు మా అమ్మాయి ముందు పోయింది. ఏమీ జరగనట్లు దిగి వచ్చింది. నా వంతులో అద్దం సరిచేశాను, పట్టీ పెట్టుకొన్నాను, ముందుకూ వెనక్కూ నడిపాను. మిట్ట దగ్గర ఇన్‌స్పెక్టరు ఆపమన్నాడు. తిరిగి కదిలించబోతే బండి రెండడుగులు వెనక్కు జారింది, ఇంజను ఆగింది. ఆయన కోప్పడలేదు. "మళ్లీ రండి" అని మాత్రం రాసుకొన్నాడు. కూతురి ముందు తప్పిన తండ్రిని నేను. ఇంటికి వచ్చే దారి పొడుగునా మా అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నది. ఆమె ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ సాయంత్రమే ఒక మధ్యవర్తి ఇంటికి వచ్చాడు. ఒక మొత్తం చెప్పి, "ఈసారి మిట్ట ఎక్కనక్కరలేదు, కార్డు ఇంటికి వస్తుంది" అన్నాడు. ఆ సొమ్ము ఎవరి చేతికి పోతుందో అతడు చెప్పలేదు, నేను అడగలేదు. నిజం దాచడమెందుకు, ఒక నిమిషం మనసు ఊగింది. అంతలో బాగేపల్లి రాత్రి కళ్ల ముందు మెదిలింది. అమ్మకు ప్రాణం మీదికి వచ్చిన వేళ, ఎత్తు రోడ్డు మీద బండి వెనక్కు జారితే, కార్డు వచ్చి ఆపుతుందా? మధ్యవర్తికి కాఫీ ఇచ్చి పంపించాను.

చట్టం ప్రకారం తప్పినవాడు ఏడు రోజుల తరువాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం అరవై రోజులు ఆగాలి. ఆ వారమంతా తెల్లవారుజామున మా గురువు నన్ను అంబాజీదుర్గం దిక్కున ఉన్న ఒక మిట్టకు తీసికొనిపోయాడు. హ్యాండు బ్రేకు లాగి పట్టు, క్లచ్చిని ఆ చోటికి తీసుకురా, మోత మారేదాకా ఆగు, పెట్రోలు కొంచెం ఇవ్వు, అప్పుడు హ్యాండు బ్రేకు వదులు. ఇంతే మంత్రం. చేతికీ రెండు కాళ్లకూ పొత్తు కుదరాలి. ముప్పై సార్లు చేశానో, నలభై సార్లు చేశానో! చివరి రోజు ఆయన వెనుక చక్రం కింద ఒక ఖాళీ అగ్గిపెట్టె పెట్టాడు. కదిలాక చూస్తే అది నలగలేదు.

రెండోసారి అదే మిట్ట, అదే ఇన్‌స్పెక్టరు. బండి జారలేదు. ఆయన తల ఊపాడు. కొన్నాళ్లకు కార్డు వచ్చింది. నా వయసు వారికి అది పదేండ్లు చెల్లుతుంది. 2019 సవరణ తరువాత వచ్చిన ఏర్పాటు ఇది.

మన దేశంలో మోటారు బండ్లకు 1914 లోనే చట్టం వచ్చింది. బ్రిటనులో కారు పరీక్ష 1935 జూన్ 1 నుంచి తప్పనిసరి అయింది. అక్కడ అంతకుముందు, రుసుము కట్టినవాడికల్లా లైసెన్సు దొరికేది. పరీక్ష ఎందుకు పెట్టారంటే, రోడ్డు మీద మనుషులు పోతున్నారు గనుక. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. ఈ లెక్క చదివాక, నన్ను మొదటిసారి తప్పించిన ఇన్‌స్పెక్టరు మీద నాకు గౌరవమే పెరిగింది.

మొన్న మాఘమాసంలో అమ్మను కంటి పరీక్షకు బాగేపల్లినుంచి చిక్కబళ్లాపురానికి నేనే తీసికొని పోయాను. ఒకప్పుడు ఏడో నంబరు అనిపించుకొని, ఇప్పుడు 44 అయిన హైదరాబాదు రోడ్డు అది. లారీలు గాలిలా పోతున్నాయి. పక్క సీటులో అమ్మ కొంగు బిగబట్టుకొని కూర్చున్నది. పేరేసంద్ర దాటాక చేయి వదులు చేసి, "నిదానంగానే పోరా అబ్బోడా, మనల్ని ఎవురూ తరమట్ల్యా" అన్నది. మరి కాసేపటికి కునుకు తీసింది.

ఇన్‌స్పెక్టరు తల ఊపిననాడు కార్డు చేతికి రావడానికి అర్హుణ్ణి అయ్యాను. పరీక్ష నెగ్గినట్లు నాకు తోచింది మాత్రం అమ్మ ఆ కునుకు తీసినప్పుడే. ఇంట బండి ఉన్న ప్రతివారికీ నా మనవి ఒక్కటే. ఇంట్లో కనీసం ఇద్దరికి నడపడం రానీయండి, వారిలో ఒకరు ఆడపిల్ల అయితే మరీ మంచిది. వయసు మీరిందని వెనుకాడకండి. మిట్ట మీద నిలిచిన బండి కూడా ఓపిక ఉంటే ముందుకే కదులుతుంది.