రంగు కొత్తది, గోడ పాతది: బ్రైటన్‌లో విక్టోరియా కాలపు ఇల్లు కొనేముందు

నాలుగు బెడ్‌రూములు, మూడు అంతస్తులు, ముందు వైపు పెద్ద బే విండో, వెనక చిన్న తోట, పది నిమిషాలు నడిస్తే సముద్రం. ‘పూర్తిగా రెనొవేట్ చేసిన విక్టోరియన్ ఫ్యామిలీ హౌస్’. ఇంగ్లాండ్‌లోని బ్రైటన్ నగరంలో అమ్మకానికి వచ్చే పాత ఇళ్ల ప్రకటనలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. ఫొటోల్లో గోడలు పాలలా మెరుస్తుంటాయి, కిచెన్ కొత్తది, బాత్‌రూమ్ కొత్తది. లండన్‌లో ఏళ్లుగా కిరాయి కడుతున్న కుటుంబానికి ఇది చూడగానే మనసు లాగేస్తుంది. రైలెక్కితే గంటలో లండన్, పిల్లలకు సముద్రపు గాలి, ఇంకేం కావాలి?

కావలసింది ఒకటుంది. ఆ కొత్త రంగు వెనక ఏముందో తెలియాలి. ఇంగ్లాండ్ చట్టంలో పాత ఇల్లు కొనేటప్పుడు లోపాలు వెతికే బాధ్యత కొనేవాళ్లదే. అమ్మేవాళ్లు అడిగినదానికి అబద్ధం చెప్పకూడదు, అంతే. ఎస్టేట్ ఏజెంట్‌కు ఫీజు ఇచ్చేది అమ్మేవాళ్లు, కాబట్టి అతను వాళ్ల మనిషి. ఎంత మర్యాదగా మాట్లాడినా ఈ సంగతి మరచిపోకూడదు.

విక్టోరియా కాలం అంటే 1837 నుంచి 1901 వరకు. 1841లో లండన్ నుంచి రైలు రావడంతో బ్రైటన్ వేగంగా పెరిగింది, వీధులకు వీధులు వరుస ఇళ్లు లేచాయి. తమాషా ఏమిటంటే, ఈ ఇళ్లకు ఎవరి పేరు వచ్చిందో ఆ రాణికి ఈ ఊరు నచ్చలేదు. గుమ్మటాలతో మన నవాబుల మహల్‌లా కనిపించే రాయల్ పెవిలియన్‌ను 1850లో పట్టణానికే అమ్మేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన భారత సైనికులకు చికిత్స జరిగిన ఆస్పత్రి కూడా అదే.

ఇక గోడల సంగతి. బ్రైటన్ పాత ఇళ్లలో, ముఖ్యంగా 19వ శతాబ్దం మొదటి సగంలో కట్టినవాటిలో, ‘బంగరూష్’ అనే గోడ కనిపిస్తుంది. చెకుముకి రాళ్లు, పగిలిన ఇటుకలు, గులకరాళ్లు, చేతికి దొరికినదల్లా సున్నంలో కలిపి చెక్క పలకల మధ్య పోసి కట్టినది. పైన నునుపుగా పూత పూస్తారు కాబట్టి వీధిలోంచి చూస్తే తెలియదు. గట్టిగా పైపుతో నీళ్లు కొడితే సగం బ్రైటన్ కూలిపోతుందని స్థానికులు జోక్ చేస్తుంటారు. ఆ తర్వాత వచ్చిన ఇళ్లలో ఇటుక గోడలే ఎక్కువ, వాటిలోనూ సున్నమే వాడారు.

హైదరాబాద్ పాతబస్తీలో డంగు సున్నంతో కట్టిన ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. సున్నం గోడ తేమను పీల్చుకుంటుంది, ఎండ, గాలి తగలగానే వదిలేస్తుంది. అలా వదలగలిగినంత కాలం గోడ బాగానే ఉంటుంది. దానిపైన సిమెంట్ ప్లాస్టర్ వేసి, ప్లాస్టిక్ లాంటి పెయింట్ కొడితే తేమ లోపలే చిక్కుకుంటుంది. ఆరు నెలలో ఏడాదో గడిచాక రంగు పొక్కులు కడుతుంది, ఉప్పు తెల్లగా బయటకు వస్తుంది, మూలల్లో నల్లటి బూజు మొదలవుతుంది. గోడలోకి దిగిన చెక్క దూలాల చివర్లు మెత్తబడతాయి. అమ్మకానికి ముందు హడావిడిగా చేసిన రెనొవేషన్‌లో జరిగే తప్పు చాలాసార్లు ఇదే. ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజు మాత్రం అంతా మెరుస్తూనే ఉంటుంది.

దీనికి సముద్రం తోడు. నైరుతి గాలి వానను అడ్డంగా గోడకేసి కొడుతుంది. ఉప్పు గాలికి ఇనుప బాల్కనీలు, రెయిలింగులు తుప్పు పడతాయి. పైకప్పు మీద స్లేటు పలకలు వందేళ్లు బాగానే ఉంటాయి, కానీ వాటిని పట్టి ఉంచే మేకులు తినేస్తే పలకలు ఒక్కొక్కటే జారతాయి. అందుకే ఇల్లు ఒకసారి ఎండలో చూస్తే మళ్లీ ఒకసారి వానలో చూడాలి. అల్మారా లోపల, మంచం వెనక, మెట్ల కింద చేయి పెట్టి చూడాలి. ఒకే గదికి, ఒకే గోడకు మాత్రం తాజాగా రంగు వేసి ఉంటే ఎందుకని అడగాలి. ఇది మొహమాటపడే చోటు కాదు.

కళ్లతో చూడటం ఒక్కటే సరిపోదు. బ్యాంకు పంపించే వాల్యుయేషన్ బ్యాంకు కోసమే. ఇచ్చే డబ్బుకు ఇల్లు సరిపోతుందా అన్నదే అది చూస్తుంది. కొనేవాళ్ల కోసం చేసేది సర్వే. ఇంత పాత ఇంటికి ‘లెవెల్ 3’ బిల్డింగ్ సర్వే చేయించాలి. ఇంటి సైజును బట్టి వెయ్యి పౌండ్ల వరకు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే అవుతుంది. పాత సున్నం గోడలు తెలిసిన సర్వేయర్‌ను పెట్టుకోవడం ముఖ్యం. చెమ్మ మందు అమ్మే కంపెనీ చేసే ‘ఫ్రీ సర్వే’ వేరు, వాళ్లకు చెమ్మ కనబడితేనే వ్యాపారం.

తర్వాత కాగితాలు. రెండు గదులు కలిపి పెద్ద హాల్ చేశారంటే మధ్య గోడ తీసేశారని అర్థం. పైన బరువు మోయడానికి ఉక్కు దూలం పెట్టారా? అటకను బెడ్‌రూమ్ చేస్తే నిప్పు పుట్టినప్పుడు బయటపడే దారి ఉందా? ఇవన్నీ కౌన్సిల్ లేదా అధీకృత ఇన్‌స్పెక్టర్ చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేకపోతే రేపు మళ్లీ అమ్మేటప్పుడు ఇదే ప్రశ్న తిరిగి వస్తుంది. ఇల్లు ‘లిస్టెడ్’ అయితే సంగతి మరీ గట్టిది. పాత ఓనర్ అనుమతి లేకుండా కిటికీలు మార్చినా, వాటిని మళ్లీ పాతవాటిలా చేయమని ఇప్పటి ఓనర్‌కే నోటీసు రావచ్చు. దానికి గడువు అంటూ లేదు.

భారత్‌లో ఇల్లు ఉన్న కుటుంబాలు చాలామంది ఊహించనిది స్టాంప్ డ్యూటీ. ఇంగ్లాండ్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి మొదటి 1.25 లక్షల పౌండ్లపై ఏమీ లేదు, అక్కడి నుంచి 2.5 లక్షల వరకు 2 శాతం, ఆపైన 9.25 లక్షల వరకు 5 శాతం. 6.5 లక్షల పౌండ్ల ఇల్లు అనుకుంటే 22,500 పౌండ్లు. కానీ కొనేవాళ్లకు ఇప్పటికే మరో ఇల్లు ఉంటే మొత్తం ధరపై ఇంకో 5 శాతం కట్టాలి. అంటే 32,500 అదనం, కలిపి 55,000 పౌండ్లు.

ఆ ‘మరో ఇల్లు’ బ్రిటన్‌లోనే ఉండనక్కరలేదు. టోలిచౌకిలో ఫ్లాట్ ఉన్నా, గుంటూరులో సొంత ఇల్లు ఉన్నా, వాటా విలువ 40,000 పౌండ్లకు చేరితే లెక్కలోకి వస్తుంది. భార్య పేరున ఉన్నా భర్త పేరున ఉన్నట్టే. ఖాళీ ప్లాటు మాత్రం రాదు. అన్నదమ్ములతో కలిసి వారసత్వంగా వచ్చిన ఇంట్లో దంపతుల వాటా సగం దాటకపోతే మూడేళ్ల వరకు మినహాయింపు ఉంది, ఆ తర్వాత లేదు. తాము నివసించిన పాత ప్రధాన ఇంటిని మూడేళ్లలోపు అమ్మితే అదనం వాపసు అడగవచ్చు. మొదటిసారి కొనేవాళ్లకు ఇచ్చే రాయితీ 5 లక్షల పౌండ్ల లోపు ఇళ్లకే, అదీ ప్రపంచంలో ఎక్కడా, ఎప్పుడూ ఇల్లు లేనివాళ్లకే.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. అబ్బా డబ్బు ఇస్తున్నారు కదా అని ఆయన పేరు కూడా దస్తావేజులో పెడతారు. ఆయనకు హైదరాబాద్‌లో ఇల్లుంటే అదనపు 5 శాతం మొత్తం మీద పడుతుంది. కొనడానికి ముందు ఏడాదిలో 183 రోజులు బ్రిటన్‌లో లేరు కాబట్టి నాన్ రెసిడెంట్ కింద ఇంకో 2 శాతం. పై ఇంటికే అది 13,000 పౌండ్లు. పేరు పెట్టకుండా డబ్బు బహుమతిగా ఇస్తే ఈ బాధ ఉండదు. తిరిగి అడగం, ఇంట్లో వాటా కోరం అని రాసిచ్చిన లేఖ, డబ్బు ఎక్కడిదో చూపే బ్యాంక్ స్టేట్‌మెంట్లు సొలిసిటర్ అడుగుతారు. భారత్ నుంచి ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చు.

వడ్డీ లేకుండా కొనాలనుకునేవాళ్లకు ‘హోమ్ పర్చేజ్ ప్లాన్’ ఉంది. బ్యాంకు, కుటుంబం కలిసి కొంటాయి. బ్యాంకు వాటాకు కిరాయి కడుతూ ఆ వాటాను కొంచెం కొంచెంగా కొనుక్కుంటారు. ఇలా చేస్తే ఒకే ఇంటికి రెండుసార్లు స్టాంప్ డ్యూటీ పడేది, 2003 చట్టంతో ఆ భారం తొలగింది. ఇచ్చే బ్యాంకులు మాత్రం తక్కువ. బంగరూష్ గోడ అంటే ఒప్పుకుంటారో లేదో ముందే అడగాలి.

ధర కుదిరింది కదా అని ఇల్లు మనదైపోయినట్టు కాదు. మన దగ్గర బయానా ఇస్తే మాట ఖాయమవుతుంది. అక్కడ కాంట్రాక్టులు మార్చుకునే రోజు వరకు ఎవరైనా తప్పుకోవచ్చు, అమ్మేవాళ్లు ఎక్కువ ధర ఇచ్చేవాళ్లను చూసుకోవచ్చు కూడా. సర్వేలో చెమ్మ బయటపడితే ధర తగ్గించమని అడగాల్సింది ఆలోపే. కాంట్రాక్టులు మారిన రోజున సాధారణంగా 10 శాతం కట్టాలి, 6.5 లక్షల ఇంటికి 65,000 పౌండ్లు. ఆ తర్వాత వెనక్కి తగ్గితే ఆ డబ్బు పోయినట్టే. చాలా కాంట్రాక్టుల్లో ఇంటి ఇన్సూరెన్స్ బాధ్యత కూడా తాళం చేతికి రాకముందే, ఆ రోజు నుంచే కొనేవాళ్ల మీదకు వస్తుంది.