శెట్టిగారికి మా చర్చి రాసిన ఉత్తరం

మద్రాసులో ఏ పాత తెలుగు చర్చిలోకైనా అడుగుపెట్టి ఒకసారి తలెత్తి చూడండి. ఫ్యాను ఆగి ఉంటే దాని రెక్క మీద రంగుతో రాసిన పేరొకటి కనిపిస్తుంది. ఫలానావారి జ్ఞాపకార్థం, ఫలానా కుటుంబం, సంవత్సరం. గోడగడియారం అడుగున ఇంకో పేరు. బల్లల వెనక ఒకటి, ట్యూబులైటు పట్టీ మీద ఒకటి. గుళ్లలోనూ ఇదే వరస. దీన్ని చూసి నవ్వేవాళ్లున్నారు గాని నాకు నవ్వు రాదు. మావంటి సంఘంలో ఒక ఫ్యాను ఇవ్వడమంటే చీటీ పాడి ఎత్తిన డబ్బు. కష్టపడి ఇచ్చినవారు పేరు వేయించుకుంటే తప్పేముంది?

2020లో మా చర్చికి వచ్చినవి మాత్రం ఫ్యాన్లూ గడియారాలూ కావు. బియ్యం, కందిపప్పు, నూనె, సబ్బులు, చింతపండు. వండుకు తింటే అయిపోయేవి, పేరు రాయడానికి చోటు లేనివి. వాటిని పంపిన దుకాణానికి సంఘం తరఫున ఏమని కృతజ్ఞత చెప్పాలన్న ప్రశ్న మాలో చాలా వారాలు నలిగింది. తెలుగు రాయగలవాళ్లు మా సంఘంలో పలచబడిపోయారు గనుక ఉత్తరం రాసే పని నా మీద పడింది. ఆ ముచ్చటే ఇది. దుకాణం పేరు, చర్చి పేరు ఇక్కడ వేయడం లేదు. శెట్టిగారు వద్దన్నారు.

మాది ఉత్తర మద్రాసులో చిన్న తెలుగు బాప్టిస్టు సంఘం. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి తరాల కిందట నగర పారిశుధ్య పనికి వచ్చినవారి సంతతే ఎక్కువ. చెన్నపట్నం వీధులు ఊడ్చేవారిలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమందో అక్కడి పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఇప్పుడు పిల్లలు ఆటోలు నడుపుతున్నారు, కొందరు ఆఫీసులకు పోతున్నారు. అయినా చీపురు పట్టిన చెయ్యి ఇంటికొకటి ఉంది.

సాయం పుచ్చుకోవడం మా పెద్దలకు కొత్త కాదు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని ఊడ్చిపెట్టిన కరువు గురించి మా ఇళ్లలో ఇంకా చెప్పుకుంటారు. కరువు వెంట కలరా కూడా వచ్చింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ క్లౌ దొర అప్పుడు ఒక పని చేశాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కంట్రాక్టు తన పేర తీసుకుని, వేలమందికి కూలీ ఇప్పించాడు. గంజి ముంతతో నిలబెట్టడం కన్నా గడ్డపార ఇవ్వడం మేలనుకున్నాడు. ఇంకోటి కూడా చేశాడు. కరువు సాయం నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట వాళ్లకు రాకూడదని, ఇచ్చినదానికి బదులుగా ఏమీ తీసుకోకూడదని. సాయం ముగిశాక, 1878 జూలై 3న ఒక్కరోజునే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మద్రాసు ఊళ్లో అడయారుకూ కూవానికీ మధ్య కాలువ ముక్క కూడా ఆ కరువు పనుల్లో తవ్విందే. ఇప్పుడు దాని మీద రైలు స్తంభాలు దిగి, నీళ్లు నల్లబడి, పక్కన నడిచేవాళ్లు ముక్కు మూసుకుంటున్నారు. అది వేరే సంగతి.

ఇక 2020. మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటన, అర్ధరాత్రి నుంచి దేశమంతా తాళం. చర్చి మూతపడింది. ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరుకు కూడా తలుపు తెరవలేదు. మద్రాసులో ఆలయాలూ చర్చిలూ మసీదులూ మళ్లీ తెరిచింది సెప్టెంబరు 1న. కానుకల సంచి తిరగని చోట అయ్యగారి జీతం ఎక్కడినుంచి వస్తుంది? అయినా అదేమంత పెద్ద విషయం కాదు. ఒక ఇంట్లో తల్లికి కార్పొరేషను పని ఉంది, జీతం వస్తుంది. కొడుకు ఆటో ఆగిపోయింది, కోడలు పాచిపని చేసే ఇళ్లవాళ్లు రావద్దన్నారు. ఒక జీతం మీద తొమ్మిది మంది. బియ్యం కార్డు ఉన్నవాళ్లకు తమిళనాడు ప్రభుత్వం వెయ్యి రూపాయలూ, ఉచితంగా బియ్యం పప్పు నూనె చక్కెరా ఇచ్చింది. అది నిజంగా ఆదుకుంది. కార్డు ఊళ్లో ఉండిపోయినవాళ్లకూ, అద్దె ఇళ్లు మారుతూ కార్డు చేయించుకోనివాళ్లకూ అదీ లేదు.

శెట్టిగారి టోకు కిరాణా కొట్టు జార్జిటౌనులో ఉంది. కొత్వాల్ చావడి చుట్టుపక్కల తెలుగు వైశ్యుల వ్యాపారం, వాసవాంబ గుడి, వాళ్లు పెట్టిన ధర్మసంస్థలు మద్రాసు చరిత్రలో భాగమే. కాలవల కణ్ణన్ శెట్టిగారి పేరిట బళ్లు నేటికీ నడుస్తున్నాయి. మా శెట్టిగారు అంత పెద్ద ఆసామీ కాదు. ఆయన కొట్టుండే వీధిని ఊడ్చేది మా సంఘపు ఆడవాళ్లు ఇద్దరు. ఏప్రిల్ నెలలో ఒక పొద్దున ఆయన వాళ్లలో ఒకామెను, "ఏమ్మా, ఇంట్లో అందరూ తింటున్నారా?" అని అడిగాడట. ఆమె దాచకుండా చెప్పింది. ఆ సాయంత్రం ఆయన మా అయ్యగారికి ఫోను చేశాడు.

ఫోనులో ఆయన మొదట అడిగింది ఎంతమంది అని కాదు. "మీవాళ్లు పచ్చిబియ్యం తింటారా, ఉప్పుడు బియ్యమా?" అని. అయ్యగారికి వెంటనే జవాబు తోచక, స్త్రీల సమాజాన్ని అడిగి చెప్తానన్నారు. ఫోన్ల మీద ఫోన్లు నడిచాయి. పెద్దవాళ్లకు ఉప్పుడు బియ్యమే కావాలి, పనిలోకి పోయేవాళ్లకు అది కడుపులో నిలుస్తుంది. పసిపిల్లలున్న ఇళ్లు పచ్చిబియ్యం అడిగాయి. పప్పు కాస్త తగ్గినా సరే చింతపండు, ఎండుమిరపకాయలు ఉంటే బాగుండునన్నారు అందరూ. అరవదేశంలో ఎన్ని తరాలున్నా మన నాలుక మారుతుందా? నాలుగో రోజున చిన్న లారీలో మూటలు వచ్చాయి. ఏ మూటలో ఏ బియ్యమో సుద్దముక్కతో గుర్తు పెట్టి ఉంది. అరవైమూడు కుటుంబాలు. జూన్ 19 నుంచి 30 దాకా చెన్నైలో మళ్లీ పూర్తిగా తాళం వేసినప్పుడు, అడక్కుండానే రెండోసారి వచ్చాయి.

మధ్యలో ఇంకొక సంస్థ నుంచి కూడా సరుకు వచ్చింది. పేరెందుకు లెండి. సంచుల మీద వాళ్ల బొమ్మ అచ్చువేసి ఉంది. వెంట బ్యానరు, ఫొటో తీసే కుర్రాడు. సంచి పట్టుకుని నిలబడితే గాని ఇవ్వలేదు. నిలబడ్డారు మావాళ్లు, ఏం చేస్తారు. మూతికి మాస్కు ఉండబట్టి పరువు దక్కిందని తరవాత ఒకావిడ అంది. ఆ బియ్యమూ అన్నమే అయింది, ఆ మేలు కాదనను. అయితే ఆ ఫొటోలు ఎక్కడ పడ్డాయో మాకు తెలియదు, ఏ ఇంటి పిల్లవాడు ఎక్కడ చూసి తలదించుకున్నాడో తెలియదు.

చట్టం సంగతి కూడా ఒక మాట చెప్పాలి. పెద్ద కంపెనీలు సగటు లాభంలో నూటికి రెండు వంతులు సమాజసేవకు వెచ్చించాలని 2013 నాటి కంపెనీల చట్టంలో ఉంది. కరోనా సాయాన్ని ఆ లెక్కలో చూపవచ్చని 2020 మార్చి 23న కేంద్రం స్పష్టం చేసింది. కిరాణా కొట్టుకు ఆ వరస లేదు. ఆదాయపు పన్నులో 80జి కింద తగ్గింపు డబ్బుగా ఇచ్చినదానికే గాని వస్తువుగా ఇచ్చినదానికి రాదు. పైగా సబ్బులు, నూనె వంటివి ఊరికే ఇచ్చేస్తే, కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తిరిగి రాబట్టుకునే హక్కు కూడా పోతుంది. అంటే శెట్టిగారు ఇచ్చిన ప్రతి సబ్బుబిళ్లకూ పన్ను ఆయన నెత్తినే పడింది. ఈ లెక్క మా కోశాధికారి చెప్పేదాకా మాలో ఎవరికీ తెలియదు. శెట్టిగారికి మొదటినుంచీ తెలిసే ఉంటుంది, వ్యాపారి కదా.

సెప్టెంబరులో చర్చి తెరిచాక, కృతజ్ఞతాపత్రం సంగతి సంఘ పెద్దల ముందుకు వచ్చింది. అయ్యగారు మర్యాదగా, ముద్ర వేసి, అద్దం కట్టించి, ఒక ఆదివారం ఆయన్ను పిలిచి శాలువా కప్పుదామన్నారు. ఒక డీకనుగారు, కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియకూడదని సువార్తలో ఉండగా మనం ఊరంతా చాటడమేమిటన్నారు. దానికి అయ్యగారు, ఆ మాట ఇచ్చేవాడికి గాని పుచ్చుకున్నవాడికి కాదన్నారు. న్యాయమే అనిపించింది నాకు.

నేను రాసుకువెళ్లిన నకలులో ఔదార్యం, దయాహృదయం, దాతృత్వం, ఎనలేని ఋణం అన్నీ ఉన్నాయి. మనకు అలవాటైన మాటలే. స్త్రీల సమాజానికి పెద్దగా ఉన్న అత్త దాన్ని చివరిదాకా వింది. ఆమె కార్పొరేషనులో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేస్తోంది.

"తమ్ముడూ, ఇదంతా రాయబాక," అంది. "ఆయన మంచోడు. బియ్యం పంపాడు, సంతోషం. మార్చి నెల్నించీ ఆయన కొట్టుముందు ఒక్కరోజన్నా చెత్త నిలిచిందా? రాయపురం మండలంలో జబ్బు అంత ముదిరినప్పుడు కూడా పోయి ఊడ్చింది ఎవరు? మా ఋణం ఆయనకుంది, ఆయన ఋణం మాకుంది. ఒకళ్లకే ఉన్నట్టు రాయబాక."

ఎవరూ మాట్లాడలేదు. మార్చి 22న దేశమంతా పళ్లాలు మోగించింది. మే 3న హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. ఆ పూలు మళ్లీ ఊడ్చిందెవరని అప్పట్లో అత్త నవ్వుతూ అడిగేది. ఆ రోజు మాత్రం నవ్వకుండా చెప్పింది. మా పెద్దల్లో ఒకరిద్దరికి ఆమె మాట కటువుగా తోచింది. అన్నం పెట్టినవాడితో లెక్క చెప్పుకుంటామా అన్నారు. నాకు క్లౌ దొర బాప్తిస్మాలు ఆపిన సంగతి గుర్తొచ్చింది. అన్నం పుచ్చుకున్నంత మాత్రాన తల తాకట్టు పెట్టనక్కరలేదని ఒకప్పుడు మాకు చెప్పినవాళ్లున్నారు.

చివరికి కుదిరిన ఉత్తరం ఇది:

"శెట్టిగారికి సంఘమంతా వందనాలు. కరోనా కాలంలో మీరు రెండుసార్లు పంపిన సరుకులు అరవైమూడు ఇళ్లకు చేరాయి. ఏ ఇంటికి ఎంత అందిందో లెక్క దీనితో జతచేశాం. ఏ బియ్యం తింటారని మీరు ముందుగా అడిగారు. మమ్మల్ని అలా అడిగినవాళ్లు తక్కువ. అది మేము మరిచిపోము. మీ వీధిలో పనిచేసే మా అక్కచెల్లెళ్లు మీ ఆరోగ్యం కోసం ప్రార్థిస్తున్నారు. ఎప్పటిలాగే రేపు పొద్దున ఆరింటికి వస్తారు."

శాలువా మాట పోయింది. అద్దం కూడా పోయింది. అయ్యగారూ అత్తా కలిసి వెళ్లి ఉత్తరం ఇచ్చి వచ్చారు. శెట్టిగారి మనవడికి తెలుగు చదవడం రాదట. ఆయనే పైకి చదివి వినిపించారట, లెక్క కాగితంతో సహా.

మూడో రోజున కొట్టు గుమాస్తా ఆ ఉత్తరాన్ని వెనక్కి తెచ్చాడు. మాకు గుండె గుభేలుమంది. కోపం వచ్చిందనుకున్నాం. పైన చిన్న చీటీ ఉంది. పైన నా పేరు వద్దు, మూటలు కట్టి లారీకెత్తిన కుర్రాళ్ల పేర్లు వేయండి, వాళ్లు ఊళ్లకు పోకుండా నిలబడ్డారు గనకనే కొట్టు తెరిచి ఉంది అని. కింద ఆరు పేర్లు. వాళ్లలో ముగ్గురు తమిళులు, ఇద్దరు నెల్లూరు జిల్లావాళ్లు, ఒకతను గంజాం నుంచి వచ్చినవాడు. ఆ ఏప్రిల్, మే నెలల్లో ఊరు చేరడానికి కూలీలు ఎలా నడిచిపోయారో అందరం చూశాం. వీళ్లు కొట్టు వెనక గోదాములోనే పడుకున్నారట.

ఉత్తరం మళ్లీ రాశాను. శెట్టిగారి పేరున్న చోట ఆరు పేర్లు వచ్చాయి. లెక్క కాగితం అలాగే ఉంచాం. అత్త ఈసారి ఒక్క మార్పు అడిగింది. సుద్దతో గుర్తులు పెట్టినవాడెవరో అతని పేరు ముందు రాయమంది. కనుక్కుంటే అది గంజాం కుర్రాడు. బరంపురం దగ్గరివాడు, తెలుగు బాగా మాట్లాడతాడు, చదవడం రాదు. గుమాస్తా చదివి వినిపిస్తే, తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడట.

మొన్న పోయినప్పుడు చూశాను. ఉత్తరం కాటా పక్కన గోడకు అంటించి ఉంది, ఒక మూల పసుపు మరక.