మామిడి పలక ఆరువరకు

ఏప్రిల్ మొదలు జూన్ తుదివరకు నూజివీటి సీమలో ఆదివారమను మాటకు అర్థము లేదు. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి దారుల వెంట రసాల గంపలును, బంగినపల్లి లారీలును రేయింబవళ్లు సాగిపోవుచుండగా, తోటగలవాడు చెట్ల క్రిందను, తోటలేనివాడు తోటగల బంధువుల యింటను తీరిక లేక తిరుగుచుండును. కాయ దిగిపోయి, తొలకరికి ఎర్రనేల పదునెక్కి, కోతకూలీల కేకలు సద్దుమణిగిన పిమ్మట మాత్రమే, కొన్ని యిండ్ల పెరడులలో ఆదివారపు ఉదయమున మరియొక ధ్వని వినవచ్చును. చిత్రిక పట్టునప్పుడు పలకపైనుండి పొట్టు చుట్టలు చుట్టుకొని లేచునట్టి మెత్తని, పొడుగైన, ఊపిరి వంటి ధ్వని యది.

ఆ ధ్వనిని పుట్టించువారు వృత్తిచేత వడ్రంగులు కారు. ఒకరు బ్యాంకులో లెక్కలు చూచువారు. ఒకరు మామిడి రైతు. ఒకరు కళాశాలలో రసాయనశాస్త్రము బోధించువారు. నేను ముప్పదియేండ్లు బడిపిల్లలకు గణితము చెప్పి విశ్రాంతి పొందినవాడను. ఉలి మాలో ఎవరికిని కూడు పెట్టలేదు. అయినను శనివారము సాయంకాలము సానరాతిపై నీళ్లు చిలికి ఉలుల అంచులు నూరుకొని, మరునాటి పనిని కాగితముపై గీసికొని, నిద్రలో సైతము కొలతలు సవరించుకొనుచుందుము.

మా చేతిలోని చెక్క అడితిలో కొనితెచ్చినది కాదు. ఈ ప్రాంతమున ముసలి తోటలు నేలకొరుగుచున్నవి. కాపు తగ్గియు, తేనెమంచు పురుగువలన పూత మాడియు, ధర నిలువకయు విసిగిన రైతులు పలువురు మామిడిని తీసివేసి ఆయిల్‌పామ్ నాటుచున్నారు. వారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. సేద్యపు లెక్కలు నేనును ఎరుగుదును. పది మీటర్ల ఎడముతో నాటిన తోటలో ఎకరమునకు 40 చెట్లుండును. ఆ నలువదియు కొలది దినములలో మొదలంట కూలి, కట్టెలై ఇటుకబట్టీలకు తరలిపోవుట చూచునప్పుడు మాత్రము, రెండు తరములపాటు ఒక కుటుంబమునకు ఆవకాయయు, ఆడుబిడ్డలకు సారెయు, పిల్లల చదువులకు రుసుమును సమకూర్చిన చెట్టునకు చివరి మర్యాద ఇంతేనా యని గుండె కలుక్కుమనును. మా ఆదివారపు వ్యాసంగము అచ్చటనే మొదలైనది.

అంటుకట్టిన మామిడి నేలకు దగ్గరగనే కొమ్మలు వేయును. కాయ కోయుటకు అది అనువే గాని, మొద్దు కోయించువానికి నాలుగైదడుగులు మించిన తిన్నని కాండము దొరకుట అరుదు. కావున మంచములు, ద్వారబంధములు మా ఆలోచనలోనికి రావు. పెండ్లిపీట, పోపులపెట్టె, ఊయల పలక, అప్పడాల కర్ర, గట్టిగా సాహసించినచో పుస్తకముల బీరువా; ఇట్టివే మా సంకల్పములు. టెంకనుండి మొలచిన నాటుమామిడి పొలము గట్లపై నిటారుగా పెరుగును. అట్టి చెట్టొకటి కూలినదని తెలిసిననాడు మాలో నలుగురికిని గంటలో కబురందును.

నా తొలి పీట సంగతి చెప్పవలెను. కూలి మూడు వారములైనను నిండని బంగినపల్లి మొద్దును సామిల్లులో కోయించి, ఆ పచ్చిపలకతో పీట చేసి, అడుగున అడ్డుపట్టెలు రెండు మేకులతో బిగించి, లక్కమెరుగు పెట్టి, దేవుని గదిలో ఉంచితిని. మాఘము నాటికి అది నడుమ నిలువునా పగిలెను. మా వీధి చివర పనిచేయు వృద్ధుడైన వడ్రంగిని బతిమాలి తీసికొనివచ్చి, "ఆచారిగారూ, ఇందులో నేను చేసిన తప్పేంటండీ?" అని యడిగితిని. ఆయన పగులు వెంబడి బొటనవ్రేలు పోనిచ్చి, చాలసేపు మాటాడక, తుదకు "చెట్టు చచ్చింది గానీ మాస్టారూ, దానిలో నీళ్లు ఇంకా చావలేదండీ. మీరు తొందరపడ్డారు" అనెను.

ఆ మాటలోని శాస్త్రమును నేను పిమ్మట గ్రంథములలో చదివితిని. ఆరునప్పుడు కొయ్య నిలువునారల దిక్కున ఇంచుమించు కుదించుకొనదు, అడ్డముగా కుదించుకొనును. అందును వలయముల వెంబడి జరుగు కుదింపు, నడిబొడ్డునుండి బెరడు వైపు జరుగు కుదింపునకు దాదాపు రెట్టింపు. ఈ అసమానత వలననే గుండ్రని మొద్దు కొనలయందు సూర్యకిరణముల వలె పగుళ్లు తీయును, పలక దోనె వలె వంగును, మేకులతో బంధింపబడి కదలుటకు చోటులేని పీట చీలిపోవును. అందుచేత మొద్దును ఆలస్యము చేయక పలకలుగా కోయించి, తేమ త్వరగా జారిపోవు కొనలకు మైనమో రంగో పూసి, పలకకు పలకకు నడుమ అంగుళపు అడ్డబద్దలుంచి, ఎండ సోకక గాలి యాడు పంచలో పేర్చవలెను. మామిడి విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము. బరువున టేకునకు ఇంచుమించు సాటియైనను, టేకును కాపాడు నూనె దీనియందు లేదు. పచ్చిమొద్దును వానలో వదలినచో కొలది వారములలో బూజు నీలిచారలై లోనికి పాకును, ఆ వెనుక పురుగు తొలిచి పిండి రాల్చును. కోయునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుటయు మరువరాదు. జీడిమామిడి, నల్లజీడి దీని దాయాదులు. సొన పడనివారికి ఒడలు పొక్కును.

ఇట్లు ఆదివారపు పని ఆదివారముతో తీరదు. జ్యేష్ఠమున కోయించినది మరుసటి యేటికి గాని చేతికి రాదు. శ్రావణ భాద్రపదములలో తలుపులు ఉబ్బి గడపను పట్టుకొను కాలమున అతుకులు బిగించినచో వేసవికి వదులగును. కనుక ఆ నెలలలో మేము పరికరములు బాగుచేసికొని చిత్తుప్రతులు గీసికొందుము. మహానవమి నాడు ఉలికిని, రంపమునకును, మూలమట్టమునకును పసుపు కుంకుమలు పెట్టి, కార్తికమున గాలి పొడిబారిన పిమ్మట అసలు పనికి పూనుకొందుము.

వరాహమిహిరుడు 6వ శతాబ్దమున రచించిన బృహత్సంహితలో శయ్యాసనములకు తగిన వృక్షములను పేర్కొనుచు చందనమును, దేవదారువును, టేకును, శింశుపను చెప్పెను, మామిడిని చెప్పలేదు. ఫలమిచ్చు చెట్టును మంచమునకై నరుకుట ఆ పెద్దకు రుచించియుండదని నా ఊహ. ప్రతిమకొరకు చెట్టు నరుకబోవువాడు ముందుగా దానిని పూజించి, అందు వసించు భూతములను వేరొక తావునకు తరలిపొండని వేడుకొనవలెననియు ఆ గ్రంథమున నున్నది. గత జ్యేష్ఠమున మా బావి ప్రక్కనున్న చిన్నరసపు చెట్టు గాలివానకు వేళ్లతో ఒరిగినప్పుడు, మా ఇంటి ఆడవారు దాని మొదట పసుపు చల్లి, దీపము పెట్టి, ఆ వెనుకనే రంపమును తాకనిచ్చిరి. వారిలో ఎవరును బృహత్సంహిత చదివినవారు కారు.

మాలో ఒకరైనను ప్రతియేట పూనుకొను పని వ్యాసపీఠము. రెండు చెక్కలను బందుతో కలిపినదానిని గూర్చి కాదు నేను చెప్పునది. ఒకే పలకనుండి పుట్టి, మేకు గాని, మరమేకు గాని, బంక గాని ఎరుగనిది. అంగుళమున్నర మందమును, రెండడుగుల పొడవును గల ముడిలేని పలకను తీసికొని, నడుమకు కొంచెము ఎగువగా అడ్డముగా ఐదో యేడో కణుపులను గీసి, వానిని ఒకటి విడిచి ఒకటి పైవైపునుండియు, తక్కినవానిని క్రిందివైపునుండియు ఉలితో గుండ్రముగా తొలిచి, కణుపునకు కణుపునకు నడుమ సన్నరంపముతో విడదీసి, ఆ తరువాత రెండు కొనలనుండియు పలక మందమును సరిగా సగమునకు చీల్చుకొనుచు కణుపుల దాక రావలెను. రంపము అక్కడికి చేరిన క్షణమున, అంతవరకు ఒక్కటిగా నున్న కొయ్య కత్తెర వలె విచ్చుకొని తన కాళ్లపై తాను నిలుచును. గీత వెంట్రుకవాసి తప్పినను విచ్చుకొనదు. బలవంతపెట్టినచో కణుపు విరుగును. నాకు మూడు పలకలు వ్యర్థములైన మీదట నాలుగవది విచ్చుకొనెను. ఆనాడు మధ్యాహ్నము భోజనమునకు పిలుపు వచ్చినను లేవక, దానిని మూయుచు తెరచుచు కూర్చుంటిని. రసాయనశాస్త్రపు మిత్రుడు ఒకే చెట్టు పలకలతో రెండు చేసి, ఒకటి భాగవతము చదువుకొను తన తల్లికిని, రెండవది రంజాను మాసమున పొరుగింటివారికిని ఇచ్చెను. అక్కడ దాని పేరు రిహల్. ఖురాను దానిపై తెరచి చదువుదురు.

కొయ్యపనియందు ఈ యూరి కీర్తి మా వలన కలిగినది కాదు. నూజివీటి వీణ సంగీతలోకమున ప్రసిద్ధము. జమీందారుల ఆదరమున వర్ధిల్లిన ఆ విద్యను ఇచ్చటి ముస్లిం కుటుంబీకులు తరతరములుగా నిలుపుకొనుచు వచ్చిరి. పనసకొయ్యను కుండగా తొలిచి, దండిని చేర్చి, యాళిముఖమును చెక్కి, మైనపు గట్టుపై 24 మెట్లను ఒక్కొక్కదానిని స్వరము విని నిలుపు ఆ చేతుల యెదుట మేము చేతులు కట్టుకొని నిలుచువారమే. దాపుననున్న కొండపల్లివారి నుండి మాత్రము ఒక చిన్న ఉపాయమును గ్రహించితిమి. తెల్లపొణికి బొమ్మల అతుకులకు వారు చింతగింజల పిండిని రంపపు పొట్టుతో కలిపి చేయు మక్కు, మా పలకల సన్నని నెరియలను చక్కగా పూడ్చును.

పెద్ద పగుళ్లకు మందు మరియొకచోట దొరకినది. జపాను సంతతికి చెందిన అమెరికా వాస్తుశిల్పి జార్జి నకషిమ 1930ల చివర పాండిచ్చేరి అరవిందాశ్రమమున ‘గోల్కొండ’ యను వసతిగృహ నిర్మాణమునకై వచ్చి, ఆశ్రమవాసియై, అరవిందులచే ‘సుందరానంద’ యను నామమును పొందెను. ఆ భవనమునకు తెలుగుకోట పేరు కలుగుటకు కారణము, సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాము ప్రభుత్వమునుండి లభించిన విరాళము. అమెరికాకు మరలిన తరువాత నకషిమ వాస్తువిద్యను విడిచి కొయ్యనే ఆశ్రయించి, చెట్టు అంచును చెట్టు పెరిగినట్లే యుంచి, పగులును దాచక సీతాకోకచిలుక ఆకారపు బిళ్లలతో దానిని పట్టి నిలిపి, లోకోత్తరములైన బల్లలు చేసెను. ఆయన పనుల చిత్రములు చూచిన నాటి రాత్రియే నా పగిలిన పీటను అటకపైనుండి దించితిని. చింతచేవతో రెండు బిళ్లలు చెక్కి పగులునకు అడ్డముగా పొదిగి, మేకులు పెరికి, అడ్డుపట్టెలు జరుగుటకు వీలుగా గాళ్లు తీసితిని. అది నేడు దేవుని గదిలోనే యున్నది.

ఉపాధ్యాయుడనగుటచే ఒక్క మాట చెప్పక తప్పదు. ఫిన్లండు దేశము 1866లోనే ప్రాథమిక పాఠశాలలలో చేతిపనిని పాఠ్యాంశము గావించినది. మన దేశమున 1937లో వార్ధా విద్యాసభ చేతివృత్తి ద్వారా చదువు చెప్పుమనినది. మా బడిలో చేతిపని గంట నా కండ్లయెదుటనే మాయమైనది. నల్లబల్లపై లంబకోణము ఎన్నిమార్లు గీసినను తెలిసికొనని పిల్లవాడు మూలమట్టము చేతికిచ్చిన దినముననే గ్రహించుట నేను ఎరుగుదును.

బావి ప్రక్క చిన్నరసము ఎనిమిది పలకలైనది. పంచలో ఈశాన్యపు గోడ వెంట పేర్చి, ప్రతి పలకపై సుద్దతో తేదీ వ్రాసితిమి. వానిలో ఒకదానిని ప్రతి ఆదివారము ఉదయమున తూచుట మా మనుమరాలి వంతు. వరుసగా కొన్ని వారములు బరువు మారకున్నచో అది పనికి సిద్ధమైనట్లు. కోసిననాడు 14 కిలోల 200 గ్రాములు. గత ఆదివారము త్రాసు నిలిచిన పిమ్మట ఆ పిల్ల కాపీపుస్తకములో 11 కిలోల 400 గ్రాములని వ్రాసి, "ఇంకా తగ్గుతోంది తాతయ్యా" అని పలకను మరల అడ్డబద్దలపైకి చేర్చినది.