కొల్లూరు వజ్రాల గనులు

కొల్లూరు వజ్రాల గనులు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో కృష్ణానది కుడి గట్టున ఉండిన చారిత్రక గనులు. ఈ ప్రాంతం పూర్వపు గుంటూరు జిల్లాలోనిది. 2022 నుండి పల్నాడు జిల్లాకు చెందుతుంది. ఇక్కడి వజ్రాలు "గోల్కొండ వజ్రాలు" అనే పేరుతో ప్రపంచ ప్రసిద్ధి చెందాయి. నిజానికి గోల్కొండ కోటలో గనులు లేవు. అది వజ్రాల క్రయవిక్రయాలు జరిగిన విపణి మాత్రమే.

వజ్రాలు లభించు విధము

భూగర్భంలో సుమారు 150 కిలోమీటర్ల దిగువన, అత్యధిక పీడనం, ఉష్ణోగ్రతల వలన కర్బనం వజ్రంగా మారుతుంది. అగ్నిపర్వత క్రియ వలన పైకి వచ్చే కింబర్లైట్ వంటి శిలలు వజ్రాలను ఉపరితలానికి చేరుస్తాయి. ఆ శిలలు శిథిలమైన పిదప నీటి ప్రవాహాలు వజ్రాలను మోసుకొనివచ్చి గులకరాళ్ళ పొరలలో వదలుతాయి. కొల్లూరు వజ్రాలు అటువంటి పొరలలో దొరికినవే. కనుక ఇక్కడ సొరంగాలు కాక గోతులు త్రవ్వేవారు.

త్రవ్వక పద్ధతి

17వ శతాబ్దంలో ఈ గనులను దర్శించిన ఫ్రెంచి వర్తకుడు జాన్ బాప్టిస్ట్ టావెర్నియె తన యాత్రా గ్రంథంలో (1676) పనితీరును వర్ణించాడు. ఆయన లెక్క ప్రకారం ఇక్కడ సుమారు 60,000 మంది పనిచేసేవారు. పురుషులు 10 నుండి 14 అడుగుల లోతు వరకు త్రవ్వగా, స్త్రీలు, పిల్లలు మట్టిని మోసేవారు. నీటి ఊట తగలగానే త్రవ్వకం ఆపేవారు. ఆ మట్టిని చిన్న గోడలు కట్టిన ఆవరణలో పోసి, నీటితో నానబెట్టి, బురదను వెలుపలికి వదిలేవారు. మిగిలిన ఇసుకను ఎండబెట్టి, ధాన్యమువలె చేటలతో చెరిగి, చేతులతో వెదికేవారు.

కార్మికుల స్థితి

టావెర్నియె తాను చూచిన మరొక గనిలో, పని బాగా తెలిసినవానికి సైతం ఏడాదికి 3 వరహాలే కూలి అని వ్రాశాడు. కూలీలు రాళ్ళను దాచుకొనకుండా కావలివారు ఉండేవారు. అయినా కొందరు వజ్రాన్ని మ్రింగి దాచేవారు.

ప్రసిద్ధ వజ్రాలు

మద్రాసు గవర్నరు థామస్ పిట్ 1702లో కొన్న రీజెంట్ వజ్రం పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలకు చెందినది. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థలో 1958 నుండి ఉన్న నీలి హోప్ వజ్రం, టావెర్నియె ఫ్రాన్సు రాజు 14వ లూయీకి అమ్మిన రాయి నుండి చెక్కినది. ఈ రెండింటి జన్మస్థానం కొల్లూరే అని సాధారణంగా చెబుతారు. కోహినూరు కూడా ఇక్కడిదేనన్న నమ్మకం ఉన్నా, దానికి సమకాలీన ఆధారం లేదు.

క్షీణత, ప్రస్తుత స్థితి

1720లలో బ్రెజిల్‌లోను, 1867 తరువాత దక్షిణాఫ్రికాలోను వజ్రాలు బయటపడటంతో కృష్ణా తీరపు గనుల ప్రాముఖ్యం తగ్గింది. 2013లో ప్రారంభమైన పులిచింతల ప్రాజెక్టు జలాశయంలో కొల్లూరు మునిగిపోయింది. వజ్రాన్వేషణ మాత్రం ఆగలేదు. తొలకరి వానలకు నేల కడుక్కుపోయినప్పుడు కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి, అనంతపురం జిల్లాలోని వజ్రకరూరు పరిసరాల చేలలో పేదలు నేటికీ రాళ్ళు వెదుకుతారు. వేలమంది వెదికినా వజ్రం దొరికేది ఏ ఒకరిద్దరికో.