పాత కంప్యూటరును పారవేసే ముందు

ఎనిమిది, పదేండ్ల క్రితం కొన్న కంప్యూటర్లు మన ఇండ్లలోను, సంఘ కార్యాలయాలలోను ఇంకా చాలా ఉన్నాయి. పిల్లల చదువుల కోసం రూపాయి రూపాయి కూడబెట్టి కొన్నవి కొన్ని, విశ్వాసులు కానుకగా ఇచ్చినవి కొన్ని. వీటిలో అనేకం విండోస్ 10 మీద నడిచేవే. దానికి మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. "ఇక ఇది పనికిరాదు, కొత్తది కొనండి" అన్న మాట వినగానే కంగారుపడి అప్పు చేయనక్కరలేదు. మన యంత్రం విండోస్ 11ను మోయగలదో లేదో పైసా ఖర్చు లేకుండా, కాస్త ఓపికతో మనమే తెలుసుకోవచ్చు.

మద్దతు ముగిసిందంటే కంప్యూటరు ఆగిపోయిందని కాదు. మునుపటివలెనే టైపు చేసుకోవచ్చు, పాటలు వినవచ్చు. అయితే దొంగలు దూరగల కొత్త సందులు బయటపడినప్పుడు వాటిని పూడ్చే మరమ్మతులు ఇక మామూలుగా అందవు. ఇంటర్నెట్టుకు కలపకుండా పాటల కాగితాలు మాత్రమే టైపు చేసే యంత్రానికి ముప్పు తక్కువ. బ్యాంకు పనులు చేసుకునే యంత్రానికి, సంఘ సభ్యుల ఫోను నంబర్లు, కానుకల లెక్కలు ఉన్న యంత్రానికి ముప్పు ఎక్కువ. ఆ వివరాలు మనవి కావు, నమ్మి మనకు అప్పగించినవి. కనుక ఈ సంగతిని అశ్రద్ధ చేయరాదు.

విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబరు 5న. దానికి 64 బిట్ ప్రాసెసరు, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, సెక్యూర్ బూట్ సదుపాయం, టీపీఎం 2.0 కావాలి. టీపీఎం అంటే యంత్రంలో రహస్యపు తాళపుచెవులను దాచే చిన్న భద్రపు పెట్టె వంటిది. పాత యంత్రాలు సాధారణంగా తప్పిపోయేది ర్యామ్ దగ్గర కాదు, ప్రాసెసరు తరం దగ్గర. ఇంటెల్ ప్రాసెసర్లలో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, 8వ తరం నుండి పైవాటినే అంగీకరిస్తారు. ఐ5-7200యూ అని ఉంటే 7వ తరం, ఐ5-8250యూ అని ఉంటే 8వ తరం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో ఎబౌట్ అన్నచోట ఈ పేరు, ర్యామ్ ఎంతో కనబడతాయి.

ఇంకా సులువైన మార్గం ఒకటుంది. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రామును వారి సైటు నుండే దింపుకొని నడిపితే, మన యంత్రం సరిపోతుందో లేదో, సరిపోకపోతే ఎందుచేతనో చెబుతుంది.

అది "లేదు" అన్నంత మాత్రాన నిరాశపడకండి, కారణం చదవండి. టీపీఎం కనబడలేదని వస్తే, అది యంత్రంలో ఉండి కూడా ఆపివేయబడి ఉండవచ్చు. బయోస్ సెట్టింగులలో ఇంటెల్ యంత్రాలకు పీటీటీ అనీ, ఏఎమ్‌డీ యంత్రాలకు ఎఫ్‌టీపీఎం అనీ ఉంటుంది. దానిని ఆన్ చేస్తే చాలాసార్లు అడ్డు తొలగుతుంది. బయోస్‌లో చేయి పెట్టే ముందు ఫైళ్లన్నిటికీ వేరే డిస్కులో నకలు తీసుకోవాలి. బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసుకోవాలి. తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోవడం మేలు.

కారణం ప్రాసెసరు తరమే అయితే ర్యామ్ పెంచినా, డిస్కు మార్చినా వేగం పెరుగుతుందే గాని ఆ తరం మారదు. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించేవారూ ఉన్నారు. కాని అలాంటి యంత్రాలకు మరమ్మతులు తప్పక అందుతాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. సంఘ రిజిస్టరు ఉన్న యంత్రానికి ఆ దారి మేము చెప్పము.

మరి ఏమి చేయాలి? విండోస్ 10 వాడే ఇండ్లవారికి 2026 అక్టోబరు 13 వరకు భద్రతా మరమ్మతులు అందే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2025లో ప్రకటించింది. అది కొంత గడువు మాత్రమే. రెండవ దారి ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలు. వీటిని పెన్ డ్రైవ్ నుండే నడిపి, డిస్కు జోలికి పోకుండా ముందుగా పరీక్షించవచ్చు. అయితే పేజ్‌మేకర్‌లో పాత తెలుగు ఫాంటులతో చేసిన పాటల పుస్తకాలు, కరపత్రాలు అక్కడ నేరుగా తెరుచుకోవు. అవి ఉన్న కార్యాలయం, ఇంటర్నెట్టు తీసివేసిన ఒక పాత యంత్రాన్ని ఆ పనికే ఉంచుకొని, మెల్లగా వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవడం మంచిది.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవడం గురించి ప్రభువు చెప్పిన మాట లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. కొత్త యంత్రం నిజంగా అవసరమైతే కొనవలసిందే, తప్పు లేదు. పాతదానిని ఇచ్చివేసే ముందు డిస్కును పూర్తిగా తుడిచివేయడం మరువకండి.

ఒక మనవి. ఈ పరీక్ష మన యౌవనస్థులకు చిటికెలో పని. పింఛనుతో బ్రతికే పెద్దలకు, ఒంటరిగా ఉన్న తల్లులకు అది కొండంత. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక యౌవనస్థుల కూటమి వారు పేర్లు రాసుకొని, ఆ ఇండ్లకు ఇద్దరిద్దరుగా వెళ్లి కంప్యూటర్లను చూసి పెడితే, ఎవరూ అవసరం లేని ఖర్చులో పడకుండా కాపాడినవారవుతారు.