తెలుగు బాలుర ఆంగ్లాభ్యాసము – మాతృభాష చేయు సాయము

హోసూరు ప్రాంతమందలి తెలుగు కుటుంబములలో బాలుడు ఇంట తెలుగును, బడిలో తమిళమును, అంగడివీథిలో ఈ రెంటితోపాటు కన్నడమును వినుచు పెరుగును. ఇన్ని భాషల నడుమ వానికి ఆంగ్లము నేర్పవలసివచ్చినప్పుడు తల్లిదండ్రులు మొదట తీసివేయదలచునది తెలుగునే. బిడ్డ ఇన్ని బరువులు మోయలేడు, ఒకటి దించుదమని వారి వాదము. తమిళనాట 2006వ సంవత్సరపు చట్టముచే పదవ తరగతి వరకు తమిళము నిర్బంధ పాఠ్యమైనది. 1968 నుండి నడచుచున్న ద్విభాషా విధానమున ఆంగ్లమునకు స్థిరమైన చోటు గలదు. కావున కుటుంబము తన యిష్టముచేత దించగలిగిన బరువు తెలుగొక్కటియే. తెలుగు మానినచో ఆంగ్లము సులభమగునా? ఇరువది యేండ్లుగా తెలుగు బోధించుచు, ప్రక్కతరగతిలోని ఆంగ్లపాఠమును వినుచు వచ్చిన నాకు అట్లు తోచదు. తెలుగు చదువు గల బాలునకే ఆంగ్లము సులువుగా పట్టుబడుచున్నది. అందులకు కారణములు భాషలోనే యున్నవి.

మొదట లిపిని గూర్చి విచారింతము. బాలుడు ఆంగ్లపదపు ఉచ్చారణ మరచిపోకుండుటకై పుస్తకపు అంచున దానిని తనకు వచ్చిన లిపిలో వ్రాసికొనును. ఇది కూడదని ఉపాధ్యాయులు మందలింతురు గాని, మానిన పిల్లలను నేను చూడలేదు. తెలుగు అక్షరములు రాని మన పిల్లలు ఈ పనిని తమిళలిపిలో చేయుదురు. తమిళమున క, గ లకు ఒకటే అక్షరము; ప, బ లకును, ట, డ లకును, త, ద లకును అంతే. పదాదిని పరుషముగను, అచ్చుల నడుమ సరళముగను పలుకుట ఆ భాషకు సహజ నియమము గనుక తమిళమునకు ఆ లిపి చక్కగా చాలును. దానిని లోపమనుట అవివేకము. కాని ఆంగ్లమున పదాదియందే పరుష సరళముల భేదముచే అర్థము మారిపోవును. ‘పిగ్’ అనగా పంది, ‘బిగ్’ అనగా పెద్దది. ‘కోట్’ తొడుగుకొనునది, ‘గోట్’ అనగా మేక. తమిళలిపిలో ఈ జంటలకు ఒక్కొక్క రూపమే. ఆరవ తరగతి బాలిక యొకతె తాను అంచున వ్రాసికొన్నదానిని చదివి, మేకను తొడిగికొని బడికి వచ్చితినని అర్థము వచ్చునట్లు పలికినది. తరగతియంతయు నవ్వినది. ఆమె తప్పేమియు లేదు. ఆమె చేతనున్న అక్షరములు అంతవరకే చెప్పగలవు. తెలుగు ఓనమాలు దిద్దిన బాలునకు ఈ భేదము చిన్నతరగతిలోనే కంటికిని చేతికిని అలవడియుండును.

తెలుగు లిపియు ఆంగ్లమునకు పూర్తిగా చాలదు. అయినను లిపిలో లేనిది నోటిలో ఉండవచ్చును. ‘క్యాట్’, ‘మ్యాన్’ అను మాటలలోని అచ్చు మనకు లేదని అనేకులందురు. ‘మేడ’, ‘మేక’, ‘పేట’ అని పలికి, పిదప ‘మేలు’, ‘పేరు’ అని పలికి చూడుడు. తరువాతి అక్షరమున అకారమున్నప్పుడు ఏకారము విప్పారి పలుకుచున్నది. ఆ విప్పారిన ధ్వనినే హ్రస్వము చేసినచో ‘మ్యాన్’లోని అచ్చునకు మిక్కిలి చేరువ యగును. అట్లే జంతుప్రదర్శనశాలకు ఆంగ్లమున చెప్పు ‘జూ’ అను మాటలోని మొదటి హల్లు. ‘జాతి’లోని తాలవ్యమును పలికిన తప్పు. ‘ౙడ’, ‘ౙత’ లలోని దంత్యమును పలికించి, నాలుకను పైకి అంటనీయక గాలిని వదలుమన్న చాలును. ఈ దంత్యమును పాఠ్యపుస్తకములు దాదాపు మరచినవి. నేను మాత్రము ఆంగ్లము కొరకైనను దానిని వదలను.

అడ్డువచ్చు గుణములును కలవు. మన భాష అజంతమని గర్వింతుము. ఆ గుణముచేతనే బాలుడు ‘బుక్’ను ‘బుక్కు’ అనును. పదాదిని యకార వకారములు చేర్చు అలవాటుచే ‘ఎగ్’ను ‘యెగ్గు’ అనియు, ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అనియు పలుకును. కారణము తెలిసిన తెలుగుపంతులు చెప్పినచో ఇవి కొద్ది దినములలో సర్దుకొనును.

వాక్యరచనలో తగవు ఇంకను లోతైనది. ‘ఆయన ఉపాధ్యాయుడు’ అను వాక్యమున క్రియ లేదు. ఆంగ్లమున ‘ఈజ్’ లేనిదే అట్టి వాక్యము నిలువదు. ‘నాకు ఇద్దరు అన్నలు’ అనుటకు ‘టు మీ టూ బ్రదర్స్’ అని వ్రాసిన బాలుడు మందబుద్ధి కాడు. మన ‘కు’ ప్రత్యయమును నమ్ముకొన్నవాడు. ఆ చోట ఆంగ్లమునకు ‘హావ్’ అను క్రియ కావలెనని వానికెవరును రెండు వాక్యములను ప్రక్కప్రక్కన నిలిపి చూపలేదు, అంతే. 1957లో రాబర్ట్ లాడో రెండు భాషల నిట్లు పోల్చినచో అభ్యాసకుని కష్టములను ముందుగనే గ్రహింపవచ్చునని ప్రతిపాదించెను. 1967లో కార్డర్, తప్పులు కేవలము దోషములు కావనియు, నేర్చువాని మనస్సున కట్టబడుచున్న వ్యాకరణమునకు అవి గుర్తులనియు చూపెను. నిజమునకు అన్ని తప్పులును మాతృభాష వలన రావు. ‘వెంట్’ అనుటకు బదులు ‘గోడ్’ అనుట ఆంగ్లేయ శిశువులును చేయునదే.

ఇచట గిడుగు రామమూర్తి పంతులుగారిని (1863–1940) స్మరింపవలెను. గ్రాంథికమున వ్రాయుచు వారిని స్మరించుట కొందరికి నవ్వు పుట్టించవచ్చును. వారు చిరకాలము ఉపాధ్యాయులుగా నున్న పర్లాకిమిడి 1936లో ఒడిశాలో చేరినది. ఆ చుట్టుపట్టులనున్న సవరల భాషను నేర్చి, ఆ పిల్లలకు తెలుగులో గాక సవరలోనే చదువు చెప్పవలెనని పూనుకొని, వాచకములు వ్రాసి, బడులు నడపిరి. వారి సవర–ఆంగ్ల నిఘంటువు 1938లో వెలువడినది. అప్పుడు ఆ సీమలో తెలుగు పెద్దభాష, సవర చిన్నభాష. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము పేర మనము నేడు అడుగుచున్నదానిని వారు ఆనాడే ఇతరులకు ఇచ్చిరి.

తెలుగు ద్వారా ఆంగ్లమనగా ప్రతివాక్యమునకు తెలుగర్థము చెప్పి వ్రాయించుట యని మాత్రము అనుకొనరాదు. మన పాఠశాలలు ఆ పద్ధతిచే చాల నష్టపోయినవి. అందు నా పాలును కలదు. గంటసేపు అర్థములు చెప్పిన తరగతిలో బాలుడు వినిన ఆంగ్లము పది వాక్యములుండదు. 1979–84 మధ్య బెంగళూరు, మద్రాసు మొదలగు చోట్ల సామాన్య పాఠశాలలలో ఎన్. ఎస్. ప్రభు నడపిన ప్రయోగమున పిల్లలకు పటములు, కాలపట్టికలు ఇచ్చి, వానినిబట్టి చిక్కులు విప్పించిరి. మనస్సు పనిమీద నుండగా భాష వెంట వచ్చునని ఆయన విశ్వాసము. గంటలో అధికభాగము అట్టి పనికే చెందవలెను. చిక్కుపడిన చోట ఐదు నిమిషములు తెలుగుతో పోల్చి చూపిన చాలును.

మా బడిలో వారమునకొకసారి ఆంగ్లోపాధ్యాయురాలును నేనును కలిసి కూర్చుండి పిల్లల తప్పులను చూచెదము. అచటనుండి పుట్టినదే మా ‘ఎన్నవ’ పాఠము. ‘మీ నాన్నగారికి నీవు ఎన్నవ సంతానము?’ అను ప్రశ్నను ఆంగ్లమున అడుగుమందుము. ‘ఎన్నవ’కు సరియగు మాట ఆ భాషలో లేదు. తమకు రాలేదని పిల్లలు మొదట తలవంచుకొందురు. లోపము తమది కాదని తెలిసిన పిదప తలకొక విధముగా చుట్టుదారులు వెదకుదురు. గత సంవత్సరపు తరగతిలో ఐదు విధములుగా వ్రాసిరి; అందు మూడు వాక్యములు ఏ ఆంగ్లేయునకైనను అర్థమగునవి.